గుంటలో కాళ్ళు

మా నాన్న తాగుతున్నాడని మంగళగిరిలో మా వీధంతా నమ్మింది. వీధి సంగతి దేనికి, కన్నకూతుర్ని నేనే నమ్మాను. మసక పడితే చాలు, తూలేవాడు. మొహానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకుంటే పక్కకి ఒరిగిపోయేవాడు. ఒకసారి అట్లాగే పడి, గోలెం అంచు తగిలి కనుబొమ చిట్లితే, రక్తం తుడుస్తూనే "సిగ్గు లేదా నాన్నా, పొద్దున్నే మొదలెట్టావా" అని అరిచాను. నా నోరు పడిపోను, ఆ మాట ఇవాళ్టికీ నన్ను కుదురుగా కూర్చోనివ్వదు.

తొంభైల చివరి రోజులవి. మాది గుంట మగ్గం. నేసే మనిషి గుంట గట్టు మీద కూర్చుని, కాళ్ళు లోపలికి వేలాడేసి, అడుగునున్న రెండు చెక్కల్ని ఒకదాని తరవాత ఒకటి తొక్కాలి. కుడిది తొక్కితే సగం దారాలు పైకి లేస్తాయి, ఎడమది తొక్కితే మిగతా సగం. ఆ సందులోంచి అడ్డపోగు మోసే నాడె అటూ ఇటూ పరుగెత్తుతుంది. కాళ్ళ వంక ఎవరూ చూడరు. చూద్దామన్నా ఆ చీకట్లో కనపడితేగా! ముప్పై ఏళ్ళు నాన్న కళ్ళు బట్ట మీదే ఉన్నాయి, కాళ్ళ పని కాళ్ళే చూసుకున్నాయి.

అట్లాంటి మనిషి నేతలో తప్పులు పడడం మొదలైంది. ఒకే చెక్కని వరసగా రెండుసార్లు తొక్కేవాడు. చూపు తగ్గిందనుకుని అమ్మ కళ్ళజోడు మార్పించింది. కొత్త జోడుతో ఆయన తప్పులు ఆయనకే ఇంకాస్త బాగా కనపడ్డాయి, అంతే.

చివరికి బెజవాడ తీసుకెళ్ళాం. డాక్టరు గారు నాన్నని కళ్ళు మూసుకోమని, కాలి బొటనవేలు పట్టుకుని, ఎటు వంచుతున్నానో చెప్పండి అన్నారు. పైకి వంచితే కిందకన్నాడు నాన్న. అసలు వంచకపోతే పైకన్నాడు. బలం ఉందండీ, కాళ్ళు ఎక్కడున్నాయో చెప్పే నరాలే పోయాయి, ఇక కళ్ళతో చూసుకునే నడవాలి అన్నారాయన. నయమవుతుందా అని అమ్మ అడిగితే, తల దించుకుని కాగితం మీద బలం బిళ్ళలు రాశారు. అంటే ఇది తాగుడు కాదు. ఆ ముక్క తెలిసి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు నాకు. బస్సులో వస్తున్నంతసేపూ నాన్న తన పాదాలనే చూసుకుంటూ కూర్చున్నాడు.

మగ్గానికి ఎక్కించిన నిలువు దారాల పడుగు ఇంకా సగం మిగిలే ఉంది. అది తప్పుల్లేకుండా దిగితేనే ఇంకో పడుగు ఇస్తానని, మాకు నూలిచ్చి నేయించుకునే షావుకారు కబురు పెట్టాడు. మాట న్యాయమే, తిట్టుకుందామన్నా కుదరదు. నేను గుంటలోకి ఒక బల్బు వేలాడదీసి, మహా తెలివైన పని చేశాననుకున్నాను. ఏం లాభం? కాళ్ళని చూస్తే నాడె గతి తప్పేది, నాడెని చూస్తే కాళ్ళు తప్పేవి. ఉన్న రెండు కళ్ళనీ రెండు చోట్ల ఎట్లా పెడతాడు మనిషి?

తొక్కడం నేను తొక్కుతాను, నువ్వు నాడె చూసుకో అని చెప్పి, ఆయన పక్కన గట్టు మీద ఇరుక్కుని కూర్చున్నాను. నాన్న తన కాళ్ళు రెండూ చేతులతో పట్టుకుని గట్టు కిందకి ముడిచిపెట్టాడు. మొదట్లో ఇద్దరికీ పొత్తు కుదరలేదు. మెల్లగా కుదిరింది. జానెడు బట్ట దిగాక చూస్తే, నాన్న బట్ట వంక చూడ్డమే మానేసి గుంటలోకి వంగి ఉన్నాడు. చేతులు మాత్రం ఆగలేదు. వాటికి ఏ లోపమూ లేదు, తొక్కే బెంగ తీరేసరికి చూడకుండానే నాడె విసురుతున్నాయి. కింద వెలుతుర్లో నా పాదాలు, అచ్చం ఆయన పోలిక, చెక్కల మీద ఆడుతున్నాయి.

"వచ్చిందమ్మా," అన్నాడు. "చెక్క తగులుతోంది. అరికాలికి తెలుస్తోంది."

అవి నా కాళ్ళు నాన్నా అన్నాను.

"తెలుసు. తెలిసినా అట్లాగే ఉంది. తియ్యమాక, కాసేపు."

తొక్కాను. ఆయన మొహంలో ఆ సంతోషం చూడలేక, తల తిప్పుకుని తొక్కాను. ఎంతసేపని? పిక్క పట్టేసింది. ఓర్చుకోలేక రెండు కాళ్ళూ పైకి లాగేసుకున్నాను. మగ్గం ఆగింది. నాన్న ఇంకా వంగే ఉన్నాడు. గట్టు కింద ముడిచిపెట్టిన పాదాలు పట్టు జారి, ఒకదాని మీద ఒకటి పడి, వెలుతుర్లోకి వచ్చాయి.

నాన్న వాటిని చూసి, "ఇవెవరివమ్మా?" అన్నాడు.