నీడల మాస్టారు

జైల్లో ఆయన్ని అందరూ నీడల మాస్టారనేవారు. వెనకాల అనుకునే పేరే అయినా ఆయన చెవిన పడకపోలేదు. విననట్టు ఉండేవారు గానీ లోపల్లోపల మురిసిపోయేవారు. ముప్ఫై ఒక్క ఏళ్ళు కాలేజీలో సాహిత్యం చెబితే ఒక్క విద్యార్థి కూడా ఆయనకు పేరు పెట్టిన పాపాన పోలేదు మరి.

రిటైరయ్యాక ఆరు నెలలు ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నారు. పెళ్ళి చేసుకోలేదు. భర్త పోయిన అక్క, ఆయన, రెండు గదుల ఇల్లు. "పొద్దస్తమానం నా కాళ్ళకు అడ్డం పడే బదులు ఎవరికైనా నాలుగు ముక్కలు చెప్పుకోరాదూ?" అని అక్క పోరుతుంటే, జైలు లైబ్రరీలో పాఠం చెప్పేవాళ్ళు కావాలన్న ప్రకటన చూసి వెళ్ళారు. అప్పట్నుంచి ప్రతి గురువారం పొద్దున పదింటికల్లా ఆ గదిలో ఉండేవారు.

పొడుగాటి గది. మూడు ఫ్యాన్లలో తిరిగేది ఒకటే కాబట్టి దానికింది బెంచీ కోసం రోజూ తోపులాట. బీరువాలో పుస్తకాలకు మొదటి పేజీలు ఉండవు. పొగాకు చుట్టుకోవడానికి చింపేసేవారు. గోడకు తెల్లదుప్పటి కట్టి, పాత ప్రొజెక్టర్ మీద నెలకో సినిమా వేసేవారు. ఆ పక్కనే మాస్టారు ఒక అట్ట తగిలించారు. దానిమీద ఐదు గడులు, గడికో మాట లావుపాటి అక్షరాలతో: వీరుడు, నీడ, తల్లి, గురువు, మాయగాడు.

మనిషి మనసు అడుగున, మనిషి పుట్టినంత పాతవైన మూలరూపాలు కొన్ని ఉంటాయనీ, ఏ కాలపు కథైనా ఏ భాష సినిమా అయినా వాటికే కొత్త బట్టలు తొడిగి నడిపిస్తుందనీ మాస్టారు నమ్మేవారు. వీరుడు బయల్దేరతాడు. గురువు దారి చూపిస్తాడు. మాయగాడు నవ్వించి పని చెడగొడతాడు. నీడ అంటే వీరుడు తనలో చూసుకోవడానికి భయపడే భాగం. అదే ప్రతినాయకుడి వేషంలో ఎదురొస్తుంది. చిన్నప్పట్నుంచీ మనుషులంటే బెరుకు ఆయనకి. ఈ ఐదు గడులూ దొరికాక ఆ బెరుకు తగ్గింది. ఎవరెదురైనా ముందు వాళ్ళు ఏ గడిలోకి వస్తారో చూసుకునేవారు.

"ఇంతకీ నన్నే గడిలో పెట్టావురా?" అని ఓరోజు అక్క అడిగింది.

"నువ్వు జ్ఞానవృద్ధవక్కా. గురువు గడి."

"జ్ఞానం సంగతేమో గానీ వృద్ధన్నది మాత్రం నిజం" అంది అక్క, మోకాలు రాసుకుంటూ.

ఖైదీలకు ఆ పాఠం నచ్చిందన్నది అబద్ధం కాదు. ఎప్పుడూ నోరు విప్పనివాళ్ళు కూడా సినిమా అయ్యాక గొంతులు చించుకునేవారు. బస్సుల్లో జేబులు కొట్టే ఒకడైతే తనకు మాయగాడి గడి దక్కినందుకు వారం రోజులు కాలరెగరేసుకు తిరిగాడు. "ఇన్నాళ్ళూ దొంగ దొంగ అన్నారు మాస్టారూ. ఇంత మంచి పేరుందని ఒక్కడైనా చెప్పాడా?" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు.

నవ్వనివాడు ఒకడుండేవాడు. దర్జీ. జైలు కుట్టుపని షెడ్డులో ఖైదీల చొక్కాలన్నీ అతని చేతిమీదుగానే వెళ్ళేవి. నలభై దాటిన మనిషి, ఎప్పుడూ గోడవార కూర్చునేవాడు. తొమ్మిదేళ్ళ కింద అతనూ అతని అన్నా ఒకే కొట్లో కుట్టేవాళ్ళు. ఒక కోటు చెయ్యి రెండంగుళాలు పొట్టిగా కత్తిరించాడని, కొట్టుకొచ్చినవాళ్ళ ముందే అన్న ఇతని చెంప మీద కొట్టాడు. తమ్ముడి చేతిలో కత్తెర ఉంది. అంతే జరిగింది. కత్తెర దింపింది తనేనని పోలీసులు రాకముందే అందరికీ చెప్పాడు, కోర్టులోనూ చెప్పాడు.

మాస్టారు నాలుగో ఏడు పాఠం చెబుతుండగా ఒక పాత సినిమా వేశారు. ఇటుకల బట్టీ నడిపే అన్నదమ్ముల కథ. అన్న కోపిష్ఠి, తమ్ముడు సాధువు. చివర్లో తమ్ముడు అన్నను బట్టీలోకి నెట్టి తలుపు మూసి, అక్కడే కూలబడతాడు. దీపాలు వెలగగానే మాస్టారు ఉత్సాహంగా అట్ట దగ్గరికి వెళ్ళారు.

"ఆ అన్న ఎవరు? తమ్ముడి నీడ. తమ్ముడు పుట్టిన దగ్గర్నుంచి మింగుకున్న కోపమంతా అన్న చొక్కా తొడుక్కుని తిరుగుతోంది. తమ్ముడు మూసేసింది అన్నను కాదు, తనలో ఒక భాగాన్ని." ఆ మాట అంటూ ఆయన చూపు దర్జీ మీద ఆగింది. "నువ్వేమంటావు?"

ముందు బెంచీలవాళ్ళు గోడవైపు తిరిగారు.

"మా అన్న నా నీడ కాదండీ" అన్నాడు దర్జీ.

"ఒప్పుకోవడం కష్టమే. అందరికీ కష్టమే."

"అది కాదండీ. మా అన్న వేరే మనిషి. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆయనకి. కుడి భుజం రెండు వేళ్ళు కిందికుండేది. ఆయన చొక్కాకి నేనే లోపల గుడ్డ మడిచి పెట్టి కుట్టేవాణ్ణి, తెలియకుండా." తన కుడి భుజం మీద వేళ్ళు పెట్టి చూపించాడు. "నాలో భాగమైతే నేను పోయేవాణ్ణి కదండీ. పోయింది ఆయన."

మాస్టారు తల పంకించారు. ఇంటికి వెళ్తూ, ఇంత గట్టిగా కాదంటున్నాడంటే నీడ ఎంత లోతున ఉందో అనుకున్నారు.

ఆ తర్వాత రెండు నెలలకు ముందస్తు విడుదలల సమీక్ష వచ్చింది. దర్జీ పేరు జాబితాలో ఉంది. ప్రవర్తన మీద మచ్చ లేదు; చనిపోయినవాడి భార్యే అభ్యంతరం లేదని వేలిముద్ర వేసింది. పాఠం చెప్పే మాస్టారి అభిప్రాయం కూడా కావాలని జైలు కార్యాలయం ఒక కాగితం ఇచ్చింది. అందులో ఉన్నవి నాలుగు గీతలు. మాస్టారు వాటికి మూడు పేజీలు జోడించారు. ఇరవయ్యేళ్ళుగా ఎవరూ అడగని అభిప్రాయం ఒక ప్రభుత్వ సమితి అడిగిందని, ఒకటికి రెండుసార్లు తిరగరాసి, మంచి కాగితం మీద దించి ఇచ్చారు. దర్జీకి మేలు చేస్తున్నాననే అనుకున్నారు.

సమితి కాదంది. మళ్ళీ సమీక్ష రెండేళ్ళకి.

వారం తిరక్కుండా ఒక మధ్యాహ్నం ఒకావిడ మాస్టారి ఇంటికి వచ్చింది. రెండు మెట్లెక్కి గుమ్మం పట్టుకుని ఆయాసం తీర్చుకుంది. పాదాలు వాచి ఉన్నాయి. అక్క ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చింది.

"నేను దర్జీ వదిననండీ. అతను చంపింది మా ఆయన్నే. మీరు రాసిన కాగితం వల్ల ఆగిపోయిందని జైల్లో చెప్పారు. నాకు చదువు రాదు. ఏం రాశారో చదివి వినిపిస్తారా?"

మాస్టారి దగ్గర చిత్తుప్రతి ఉంది. చదవడం మొదలుపెట్టారు. "ఇతను సౌమ్యుడనే ముసుగు ధరించాడు. దాని వెనకనున్న తన నీడను ఇంకా కలుసుకోలేదు. అన్న రూపంలో తాను నిర్మూలించింది తనలోని భాగాన్నే అన్న సత్యాన్ని అంగీకరించడం లేదు. వీరుడి ప్రయాణంలో ఇంకా మొదటి గుమ్మం దగ్గరే ఉన్నాడు..."

"ముసుగేంటండీ?" అందామె. "ఆ మనిషికి జైలు చొక్కా తప్ప ఏముంది?"

"అది ఒక పోలిక అమ్మా."

"తనలో భాగం అన్నారు. అది మా ఆయన సంగతేనా?"

"ఒకరకంగా... అవును."

"అయితే ఇన్నేళ్ళూ నేను ఎవరికోసం ఏడ్చినట్టండీ?"

మాస్టారు కాగితం మడిచారు. తరగతిలో వెలిగిపోయే ఆ వాక్యాలు వాచిన పాదాల ముందు గడ్డిపరకకు కూడా కొరగాకుండా పోయాయి.

"అతని మీద మీకు కోపం లేదా?" అని అడిగారు చివరికి.

"ఎందుకు లేదండీ? ఆరేళ్ళు మొహం చూడలేదు. కానీ మాకు పిల్లల్లేరు. అత్తమామలు పోయారు. కొట్టు ఎవరో తీసుకున్నారు. మా ఆయన ఎలా నడిచేవాడో, దేనికి నవ్వేవాడో తెలిసినవాళ్ళు ఈ భూమ్మీద ఇద్దరమే మిగిలాం. నేను, మా మరిది. నా గుండె ఎన్నాళ్ళుంటుందో డాక్టరే చెప్పలేనన్నాడు. చంపినవాడైనా సరే, ఆయన గురించి మాట్లాడుకోవడానికి ఒక మనిషి కావాలండీ నాకు."

ఆమె వెళ్ళాక అక్క తమ్ముణ్ణి ఏమీ అనలేదు. అంటే బాగుండుననిపించింది మాస్టారికి.

మర్నాడే సమీక్ష అధికారి దగ్గరికి పరిగెత్తారు. అధికారి మర్యాదస్తుడు. ఫైలు తెప్పించాడు. "నేరాన్ని ఒప్పుకోవడం లేదని మీరే రాశారు కదండీ."

"నేను రాసింది నేరం గురించి కాదండీ, నీడ గురించి."

"నీడంటే?"

మాస్టారు చెమటలు కక్కుతూ పావుగంట వివరించారు. అధికారి శ్రద్ధగా విని ఫైల్లో ఏదో రాసుకున్నాడు. "అంటే తనలో ఉన్న హింస గురించి అతనికింకా తెలియదన్నమాట. బయట పడితే ప్రమాదమే. ఇప్పుడింకా బాగా అర్థమైంది మాస్టారూ." వెనక్కి తీసుకుంటానంటే, ఇచ్చిన అభిప్రాయం తీసెయ్యడానికి నిబంధన లేదన్నాడు. ఆయన ఇంకా రెండుసార్లు వెళ్ళారు. మూడోసారి బయట బల్ల మీద మూడు గంటలు కూర్చోబెట్టి, సారు లేరన్నారు.

గురువారం వచ్చింది. కుట్టుపని షెడ్డుకు వెళ్ళి దర్జీ ముందు నిలబడ్డారు. చేతులు కట్టుకుని నిలబడ్డ సంగతి తనకే తెలియలేదు.

"నా వల్లే ఆగింది. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు."

దర్జీ మిషను ఆపాడు. "మీరు చెడు తలచుకుని రాయలేదని తెలుసండీ. ఒక్క మాట అడుగుతా. నాలుగేళ్ళలో మా అన్న పేరేంటని ఎప్పుడైనా అడిగారా?"

మాస్టారు తల వంచుకున్నారు. అడగలేదు.

"ఇప్పుడు చెప్పు. నువ్వు చెప్పింది చెప్పినట్టు రాసి మీ వదినకి వినిపిస్తాను. ఇంతకంటే నాకు చేతనయ్యేది లేదు."

అలా మొదలైంది. గురువారం పాఠం అయ్యాక షెడ్డులో ఓ మూల కూర్చుని దర్జీ చెప్పేవాడు, మాస్టారు రాసుకునేవారు. అన్న ఈత రాక చెరువులో మునగబోతే తను జుట్టు పట్టి లాగడం. గుండీలు కుడుతూ అన్న కూనిరాగం తీస్తే వీధి కుక్క వచ్చి గుమ్మంలో పడుకోవడం. అన్న కొట్టిన దెబ్బలు కూడా. శుక్రవారం వదిన మంచం పక్కన కూర్చుని మాస్టారు అవి చదివేవారు. "కుక్క కాదు, రెండు కుక్కలు. రెండోది మా మరిదికి తెలియదు, అది నేను అన్నం పెట్టేది" అని ఆమె సరిదిద్దేది. ఒక్కోసారి నవ్వేది. ఒక్కోసారి గోడవైపు తిరిగి, చాలు, ఇవాళ్టికి వెళ్ళండి అనేది. ఆమె చెప్పింది మళ్ళీ గురువారం దర్జీకి చేరేది. దేన్నీ ఏ గడిలోనూ పెట్టకుండా వినడం మాస్టారికి మొదట్లో ప్రాణాల మీదికొచ్చింది. ఆలోచన దానంతటదే అట్ట వైపు పరిగెత్తేది. చేత్తో రాస్తుంటే కొంచెం ఆగేది.

ఇరవై రెండు శుక్రవారాలు గడిచాయి. ఇరవై మూడో శుక్రవారం వెళ్ళేసరికి ఇంటి ముందు చెప్పులున్నాయి. ఆమె తెల్లవారుజామున పోయిందని పక్కింటివాళ్ళు చెప్పారు. మాస్టారు అట్నుంచి అటే జైలుకు వెళ్ళి, చివరిచూపుకు దర్జీని పంపమని బతిమాలారు. వదిన రక్తసంబంధం కిందికి రాదన్నారు. పైగా ఆవిడ హతుడి భార్య అని గుర్తుచేశారు. ఆ వార్త దర్జీకి చెప్పింది కూడా మాస్టారే. దర్జీ విని, కుడుతున్న చొక్కా చివరి దాకా కుట్టి, దారం తెంపి, అప్పుడు మిషను మీద తల వాల్చాడు.

ఏడాదిన్నర తర్వాత సమీక్ష వచ్చింది. ఈసారి అభిప్రాయం కాగితంలో మాస్టారు నాలుగు గీతలే నింపారు. "ఖైదీల చొక్కాలు కుడతాడు. చిరిగిన పుస్తకాలకు అట్టలు కుడతాడు. అన్నను తనే చంపానంటాడు. ఇతను విడుదల కావాలి." దర్జీ విడుదలయ్యాడు.

గేటు దగ్గర మాస్టారు ఎదురుచూశారు. ఇంటికి రమ్మన్నారు, అక్క వంట చేసిందన్నారు. దర్జీ వద్దన్నాడు. వేరే ఊళ్ళో చొక్కాల కంపెనీలో పని దొరికిందట.

"ఆ రాసిన కాగితాలున్నాయా మాస్టారూ?"

ఉన్నాయి. ఒక సంచిలో పెట్టి తెచ్చారు. దర్జీ రెండు చేతులా అందుకున్నాడు. "వదిన చెప్పినవి వేరుగా ఉన్నాయా?"

"కలిసే ఉన్నాయి. ఎవరు చెప్పింది ఏదో పక్కన రాశాను."

"మంచిదండీ" అని బస్సెక్కాడు. తర్వాత అతని జాడ మాస్టారికి తెలియలేదు.

మాస్టారు మోకాళ్ళు సహకరించినంత కాలం, ఇంకో మూడేళ్ళు, గురువారాలు మానలేదు. సినిమాలు వేసేవారు. అట్ట గోడమీదే ఉండేది గానీ కథలో మనుషుల గురించే అడిగేవారు: వీడేం చేశాడు, ఎవరికి చేశాడు, ఆ తర్వాత వాళ్ళేమయ్యారు. చర్చ ఇదివరకంత రక్తి కట్టడం లేదని, మళ్ళీ లోపలికొచ్చిన జేబుదొంగ మొహం మీదే అన్నాడు. సమీక్షల కాగితాల్లో ఆయన ప్రతి ఖైదీ గురించీ ఆ నెలలో కళ్ళారా చూసిన రెండు మూడు పనులు మాత్రం రాసేవారు. అధికారి రెండుసార్లు చూసి, అభిప్రాయం అంటే ఇది కాదని చెప్పించాడు. ఆ తర్వాత మాస్టారికి కాగితాలు పంపడం మానేశారు.