ఎరుపు దాటని చక్రం

మా సైన్సు మాస్టారు పోయారని మొన్న తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. నిద్రలోనే పోయారట. "బాధ తెలియకుండా పోయారక్కా" అన్నాడు వాడు. కళ్లెదుట జరిగే ఏ సంగతినీ చూడకుండా వదలని మనిషి, దీన్ని మాత్రం నిద్రలో ఎలా పోనిచ్చారా అన్నది నాకు ముందుగా వచ్చిన ఆలోచన. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

వినుకొండ దగ్గర మా ఊరి హైస్కూల్లో ఆయన పాఠాలు చెప్పేవారు. తొంభైలు అయిపోవస్తున్న రోజులవి. నేను తొమ్మిదో తరగతి. ఏ వస్తువు చేతికొచ్చినా తిరగేసి, బోర్లించి, వాసన చూసిగానీ కింద పెట్టేవారు కాదు. మేం అడిగినదానికి జవాబు రాకపోతే దాచుకునేవారూ కాదు. "తెలియదనడానికి సిగ్గెందుకమ్మా? తెలిసినట్టు నటించడానికి సిగ్గుపడాలి గానీ" అనేవారు.

ఒకసారి వినుకొండలో సర్కస్ వాళ్లు డేరా ఎత్తేస్తూ పాత సామాను అమ్మేస్తుంటే, ఆయన ఒంటిచక్రం సైకిలు కొనుక్కొచ్చారు. హ్యాండిల్ లేదు, బ్రేకు లేదు. ఒక చక్రం, దాని ఇరుసుకే పెడళ్లు, పైన ఒక సీటు. దాన్ని క్లాసులోకి తెచ్చి, "ఇది ఎందుకు పడిపోదో చెప్పండి చూద్దాం" అన్నారు.

"పడిపోద్ది సార్!" అన్నాం అందరం.

ఆయన ఎక్కారు. పడ్డారు. "మీరే కరెక్టు" అంటూ లేచి చొక్కా దులుపుకున్నారు. కానీ సర్కస్‌లో తను చూసిన పిల్ల దాన్ని ఎలా తొక్కిందన్న ప్రశ్న ఆయన్ని వదల్లేదు.

తొక్కి చూద్దామంటే చోటేది? మాది నల్లరేగడి నేల. వానకి బురద, ఎండకి నెర్రెలు. రోడ్డంతా కంకర. చదునుగా ఉండేది మిరపకాయలు ఎండబోసే కల్లం ఒక్కటే. మా నాన్న కల్లం బడికి దగ్గర. మాస్టారు వచ్చి అడిగితే నాన్న కాదనలేకపోయాడు.

"మీరు పడితే మీ ఇష్టం మాస్టారూ. కాయ మీద చక్రం పడిందంటే మాత్రం నేనూరుకోనండి."

కాయ చితికితే గింజలు రాలిపోతాయి, మార్కెట్ యార్డులో కొనేవాడు మొహం తిప్పుకుంటాడు. అందుకని ఎర్రటి కాయల పరుపుల మధ్య మనిషి పట్టేంత దారిలోనే తొక్కాలి. ఆ దారి చివర మళ్లీ కాయలే. అక్కడికి రాగానే దిగకుండా ఉన్నచోటే గిర్రున వెనక్కి తిరగాలి. మిరప బస్తాల దొంతి పట్టుకుని ఎక్కడం, ఎరుపు కనపడగానే తిరగడం, ఇదీ మా చదువు. మిగతా పిల్లలు మోచేతులు చెక్కుకుపోయి మానేశారు. నేను మొండిదాన్ని, మానలేదు. చివరికి తొక్కడం వచ్చినవాళ్లం ఇద్దరమే, ఆయనా నేనూ.

ఊరు ఊరుకుంటుందా? "రెండో చక్రం ఎక్కడ పారేసుకున్నారు మాస్టారూ?" అని అడిగేవాళ్లు. "వెతుకుతున్నానండి, మీకు దొరికితే చెప్పండి" అని ఆయన సాగిపోయేవారు. ఈ ఎకసెక్కాలు ఆయనకి పట్టేవి కావు. ఆయన్ని తొలిచింది వేరే. చూపించిన గురువు లేడు, పోల్చుకోవడానికి మరో మనిషి లేడు. "అమ్మాయ్, మనం తొక్కేది అసలు తొక్కడమేనా? మనకి మనమే ఏదో కనిపెట్టుకుని మురిసిపోతున్నామా?" అనేవారు. నవ్వుతూనే అనేవారు గానీ, ఆ మాట ఆయనకి నిజంగా గుచ్చుకునేది.

ఆ మరుసటి ఏడు పేపర్లో నాలుగు లైన్ల వార్త పడింది. నెల్లూరులో ఒంటిచక్రం సైకిళ్ల పోటీలు, ప్రదర్శనలు. మాస్టారు చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి మా ఇంటికొచ్చారు.

"మనలాంటి వాళ్లు ఇంకా ఉన్నారటమ్మా!"

నాన్న నన్ను ఆయనతో పంపించాడు. పోటీల రోజున కాలేజీ మైదానంలో అడుగుపెట్టగానే మాస్టారు నిలబడిపోయారు. ఎటు చూసినా ఒంటి చక్రాలే. ఒకడు తాడాట ఆడుతూ తొక్కుతున్నాడు, ఒకమ్మాయి వెనక్కి తొక్కుతోంది, ఇంకొకాయన తలమీద చెంబు పెట్టుకుని పోతున్నాడు. "చూశావా, దేన్నీ పట్టుకోకుండా ఎక్కేస్తున్నారు" అని గుసగుసగా అన్నారు, గుళ్లో మాట్లాడినట్టు.

పందెంలో నేను అందరికన్నా ముందున్నాను. ఇది గొప్ప కాదు, నిజం. గెలుపు గీత దగ్గరపడింది. నిర్వాహకులు దాన్ని బారెడు వెడల్పున ఎర్రరంగు పొడితో పరిచారు. ఎరుపు కనపడింది. అంతే, నా కాళ్లు నన్ను అడగలేదు. చక్రం గిర్రున తిరిగి వచ్చిన దారినే పట్టింది. వెనకొచ్చిన వాళ్లంతా నన్ను దాటి గీత తొక్కేశారు. జనం ఒకటే నవ్వు. నాకు తల కొట్టేసినట్టయింది.

మాస్టారు పరుగున వచ్చి, ఆ గీత దగ్గర గొంతుక్కూర్చుని, చిటికెడు పొడి తీసి వాసన చూశారు.

"రంగేనమ్మా" అన్నారు. వేళ్లు దులుపుకుని, "తప్పు నీది కాదులే. నీ కాళ్లకి అట్లా చెప్పింది నేనే" అన్నారు. ముఖం మాత్రం వాడిపోయింది. ఇన్నాళ్లూ భయపడిందే నిజమైనట్టు, మైదానాన్ని కాకుండా నేలను చూస్తూ కూర్చున్నారు.

అప్పుడే బళ్లారి నుంచి వచ్చిన ఒక పెద్దాయన తన చక్రం నడిపించుకుంటూ మా దగ్గరికి వచ్చాడు. "పాపా, ఇందాక తిరిగావే, మళ్లీ తిరుగు" అన్నాడు. తిరిగాను. ఆయన కళ్లు చిట్లించి చూశాడు. "అంత చోటులో నాకు రాదు" అన్నాడు.

మాస్టారు లేచి నిలబడ్డారు. "మేం తొక్కేది సరిగ్గానే ఉందంటారా అండీ?"

"సరిగ్గా అంటే ఏంది సార్? నాకు మాత్రం ఎవరు చెప్పారు?"

చివరి అంశం, వచ్చినవాళ్లంతా చేతులు పట్టుకుని ఒకే వలయంగా తిరగడం. నేను మాకున్న ఆ ఒక్క చక్రాన్నీ మాస్టారికిచ్చాను. ఎక్కడానికి ఆనుకునేందుకు ఏమీ లేక ఆయన అటూ ఇటూ చూస్తుంటే, ఒక పక్క నుంచి బళ్లారి పెద్దాయన, ఇంకో పక్క నుంచి ఎవరో కాలేజీ అమ్మాయి చేతులు చాపారు. ఎక్కేశారు. వలయం కదిలింది.

నేను గట్టున నిలబడి చూశాను. మాస్టారు ముందుకు చూడటం లేదు. అటువాళ్ల చక్రం, ఇటువాళ్ల చక్రం వంగి వంగి చూస్తున్నారు. అడుగుతున్నారు, చెబుతున్నారు, మళ్లీ అడుగుతున్నారు. నా ముందుకు వచ్చినప్పుడల్లా "ఎవరు నేర్పారండీ?" అనో, "ఎవరూ లేరు సార్" అనో ఒక్కో మాట నా చెవిన పడి దూరమైపోయేది. ఆఖరిసారి వచ్చినప్పుడు ఆయన రెండు చేతులూ రెండు చేతుల్లో ఉన్నాయి, గొంతు మైదానమంతా వినిపిస్తోంది.

"ఒక్కడినేనండీ! నేనూ ఒక్కడినే నేర్చుకున్నా!"