ఆఫీసుల కూసిన తీతువు

ఒక్క పిట్ట కూతకు మా సూపరింటెండెంట్ సారు నౌకరీ ఇడిసిపెడ్తనని చిట్టీ రాసి పంపిండు. ఆ పిట్టను ఆఫీసులకు తెచ్చింది ఎవరనుకుంటున్నరు? నేనే! అప్పుడే నవ్వుతరేంది? ముందు చాయ్ తాగుండ్రి, మొత్తం చెప్తా.

మా ఆఫీసు ఆబిడ్స్‌ల, పాత బిల్డింగు రెండో అంతస్తుల కదా. ఒక ట్రస్టుది. ఆ ట్రస్టు పాత దస్తావేజులన్నీ స్కాన్ చేసి కంప్యూటర్ల పెట్టుడు నా పని. మా కంప్యూటర్లు చూసే రఫీ భాయ్ అన్నింటికీ తాళమేసి పెట్టిండు. ఏం ఎక్కిద్దామన్నా 'పర్మిషన్ లేదు' అని వస్తది. గడియారంల టైం మార్చాల్నన్నా ఆయన పాస్‌వర్డ్ కావాలె. ఒక్క నా స్కానింగ్ సిస్టమే పెన్‌డ్రైవ్ తీసుకుంటది. స్కాన్ చేసినయి వకీలు సాబ్‌కు పెన్‌డ్రైవ్‌ల ఇయ్యాలె గదా, అందుకని.

నాకేమో పిట్టల పిచ్చి. రెండేండ్ల కింద షుగర్ ఉన్నది, నడువమ్మా అన్నడు డాక్టర్. నాంపల్లిల మా ఇంటి నుంచి పబ్లిక్ గార్డెన్ ఎంత దూరం? రోజూ పొద్దున పోవుడు మొదలుపెట్టిన. నడిచేది తక్కువ, చెట్ల కింద నిలబడి మీదికి చూసేది ఎక్కువ! షుగర్ ఎక్కడున్నది అక్కడనే ఉన్నది, పిట్టల పేర్లు మాత్రం మస్తు నేర్చుకున్న. వాటి కూతలు ఫోన్‌ల రికార్డు చేసుకుంట. ఆ రికార్డింగ్ ఇస్తే ఏ నిమిషంల ఏ పిట్ట కూసిందో వెతికి చెప్పే సాఫ్ట్‌వేర్ ఒకటి ఫ్రీగ దొరికింది. ఇంట్ల ల్యాప్‌టాప్ ముసలిది, దాంట్ల అది నడువది. కానీ దీన్ని ఇన్‌స్టాల్ చేసే పని లేదు, పెన్‌డ్రైవ్ పెడితే అండ్ల నుంచే నడుస్తది అని తెలిసింది. ఇగ నా మనసు ఎటు గుంజిందో మీకు చెప్పాల్నా?

ఆరు నెలల సంది ఎవరికీ తెల్వకుండ నడిపించిన. పొద్దున రాంగనే రికార్డింగ్ పెట్టి, ఆ విండో కిందికి దించి, మీద నా స్కానింగ్ చేసుకునుడు. సాయంత్రానికి పిట్టల లిస్టు తయార్. ఫోల్డర్‌కు 'పెండింగ్ ఫైల్స్' అని పేరు పెట్టిన. మా ఆఫీసుల ఆ పేరు చూసి తెరిచే మొనగాడు లేడు!

ఇగ మా సూపరింటెండెంట్ నరహరి సార్. మాట కరుకు, మనిషి మంచోడు. కామా తప్పుంటే ఫైలు వాపస్ పంపుతడు. శకునాల పట్టింపు మాత్రం చెప్పనలవి కాదు. పిల్లి అడ్డమొస్తే బండి తిప్పి, ఇంకో గల్లీలకెళ్లి వస్తడు. పోయిన నెల ఆయనకు గుండెనొప్పి వచ్చింది. స్టెంట్ వేసిన్రు. నెల రోజులు దవాఖాన, ఇల్లు. పోయిన సోమవారం మళ్ల డ్యూటీకి వచ్చిండు. సగమైపోయిండు పాపం. చొక్కా భుజాల మీద నిలుస్తలేదు.

అందరం కలిసి చిన్నగ స్వాగతం పెట్టినం. దండ తెమ్మని నన్ను సుల్తాన్ బజార్‌కు పంపిన్రు. నేను వచ్చేసరికి అటెండర్ యాదయ్య పెద్ద స్పీకర్ తెచ్చి నా సిస్టమ్‌కు తగిలించిండు. సారు పాత ఫొటోలు, వెనుక ఒక భజన పాట, అన్నీ పెన్‌డ్రైవ్‌ల ఉన్నయి. పెన్‌డ్రైవ్ తీసుకునేది నా సిస్టమే గదా!

ఆ పొద్దున లోపల ఏం నడుస్తున్నది? ఆదివారం గండిపేట చెరువు గట్టు మీద తీసిన రికార్డింగ్. నలభై నిమిషాలు. ఆపుదామనుకున్న. కానీ సగం అయిపోయింది, మళ్ల మొదటి నుంచి పెట్టాలె. నడువనీ, ఎవరికి తెలుస్తది అనుకున్న. నా సిస్టమ్‌కు స్పీకర్ ఎన్నడూ లేకుండె. పిట్టను గుర్తుపడితే ఆ సాఫ్ట్‌వేర్ దాని కూత వినిపించి మరీ చెప్తదని నాకెట్ల తెలుస్తది?

ఫొటోలు అయినయి. పాట అయింది. సారుకు దండ వేసినం. ఆయన కండ్లల్ల నీళ్లు. లేచి నిలబడి, "మీ అందరి దయ. డాక్టర్ చెప్పిండు, ఇంక నా ప్రాణానికి ఫికర్ లేదని..."

"టిట్టిటీ... తీతువ్! తీతువ్!"

హాలంత అదిరింది.

యాదయ్య చేతిల బిస్కెట్ల ప్లేటు కింద పడ్డది. "అవ్వో! తీతువు పిట్ట! మా ఊర్ల ఇది ఇంటి మీద కూసిందంటే ఆ ఇంట్ల పీనుగ..." అని నాలుక కరుసుకున్నడు.

"కూసిందంటే? చెప్పు యాదయ్యా," అన్నడు సారు మెల్లగ.

"ఏం లేదు సార్. ఉట్టిగనే."

నలుగురు కిటికీల దగ్గరికి ఉరికిన్రు. ఆబిడ్స్‌ల తీతువు ఏడికెళ్లొస్తది! యాదయ్య పొరక పట్టుకుని మిద్దె మీదికి పోయిండు. పూల పళ్లెం జరిపినట్టు చేసి స్పీకర్ వైరు గుంజుదామని చెయ్యి పెట్టిన. నా చెయ్యి వైరు దాక పోయేలోపల మళ్ల రెండుసార్లు కూసింది. గుంజిన. కూత ఆగింది.

సారు కుర్చీల కూలబడ్డడు. ముఖమంత చెమట. మెడల దండ అట్లనే ఉన్నది. ఆటోల దవాఖానకు తీసుకపోయినం. గుండెకేం కాలేదు, బీపీ పెరిగింది అన్నరు. నేను పక్కనే కూసున్న. 'సార్, అది నా పిట్ట' అని ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేదు. పద్దెనిమిదేండ్ల నౌకరీ కండ్ల ముందు తిరిగింది.

గురువారం ఆయన చిట్టీ వచ్చింది. ఆరోగ్యం బాగలేదు, ముందస్తుగ రిటైర్ అయిత అని. ఆ మధ్యాహ్నమే సరోజక్క, ఆయన భార్య, నాకు ఫోన్ చేసింది.

"సుజాతా, నువ్వన్న వచ్చి చెప్పవే. అన్నం సరిగ తింటలేడు. నన్ను కూసోబెట్టి గ్యాస్ ఎట్ల బుక్ చెయ్యాల్నో నేర్పుతున్నడు. ముప్పై ఏండ్ల సంది బుక్ చేస్తున్నది నేనే కదనే!"

అని నవ్వబోయి ఏడ్చింది. ఇగ నాతోని కాలేదు. హాఫ్ డే లీవ్ పెట్టి, నాంపల్లి స్టేషన్ వెనుక ఉన్న వాళ్లింటికి నడుచుకుంట పోయిన. తొవ్వ పొడుగూత ఏం చెప్పాల్నో తయారు చేసుకున్న. తీరా ఆయన ముందు నిలబడంగనే అన్నీ మరిచిపోయి ఫోన్ తీసి, ఆ కూత పెట్టిన.

"టిట్టిటీ... తీతువ్!"

సారు ఉలిక్కిపడి గోడకు ఆనుకున్నడు. లోపలి నుంచి సరోజక్క ఉరికొచ్చింది.

"అది నేను తీసిన రికార్డింగ్ సార్," అన్న. "ఆ దినం కూసింది పిట్ట కాదు, నా కంప్యూటర్. గండిపేటల ఆ పిట్ట నేల మీద గుడ్లు పెట్టింది. చూసుకోకుండ నేను దగ్గరికి పోయిన. నేను దూరం జరిగేదాక నన్ను తిట్టింది సార్ అది. మీకేం చెప్పలేదు. మీ ఊసే దానికి తెల్వదు."

ఆయన నా చేతిల ఫోన్ దిక్కు చూసిండు. "మళ్లొకసారి పెట్టు," అన్నడు.

పెట్టిన. మూడోసారి కూడ పెట్టిపిచ్చిండు. కండ్లు మూసుకుని విన్నడు. "గుడ్ల కోసమా?" అన్నడు. "ఔ సార్," అన్న. పెద్ద ఊపిరి విడిచిండు. ఆయన భుజాలు దిగుడు నేను చూసిన. నాకు ఏడుపొచ్చింది. "మాఫ్ చెయ్యండి సార్, ఆ దినమే చెప్పాల్సి ఉండె," అన్న.

ఆయన కండ్లు తెరిచిండు.

"అది సరే. ఆఫీస్ సిస్టమ్‌ల బయటి సాఫ్ట్‌వేర్ ఎట్ల నడిచింది?"

"పెన్‌డ్రైవ్‌ల నుంచి సార్."

"ఎన్నాళ్ల సంది?"

"ఆరు నెలలు..."

"ఆరు నెలలా!" గోడ గడియారం కింద ఆ గొంతు ఖంగుమన్నది. మా పాత నరహరి సారు! "ఆ మెషిన్‌ల కోర్టు కాయితాలున్నయి. వైరస్ వస్తే ఎవరు జవాబ్దారీ? సరోజా, కాయితం, పెన్ను తే! మెమో ఇయ్యాలె ఈమెకు!"

సరోజక్క తెచ్చినయి చేతికి తీసుకున్నడు. "నేను చెప్త, నువ్వు రాయి," అని నాకే ఇచ్చిండు.

రాసిన. 'కార్యాలయ కంప్యూటర్‌లో అనుమతి లేకుండా పక్షిని నడిపినందుకు...'

"పక్షిని కాదు! పక్షి సంబంధిత సాఫ్ట్‌వేర్‌ను. 'నందుకు' తర్వాత కామా ఏదీ? ఇన్నేండ్లయింది, నేర్చుకోవా?"

సరోజక్క చాయ్ పట్టుకొచ్చి తలుపు దగ్గర నిలబడ్డది. "ఎన్ని దినాలకు కోపమొచ్చిందే ఈయనకు," అని కొంగుతోని కండ్లు తుడుచుకున్నది. మెమో మొత్తం అయినంక సంతకానికి ఆయన ముందట పెట్టిన. కండ్లద్దాలు సవరించుకుని రెండుసార్లు చదివిండు.

"ఇంట్ల కూసోని సంతకం పెట్టుడు పద్ధతి కాదు. సోమవారం ఆఫీసుకొచ్చి, స్టాంపు వేసి ఇస్త. నా చిట్టీ చింపెయ్యమని చెప్పు."

అట్ల నా మెమో నేనే రాసుకున్న, అండ్ల కామాలు నేనే దిద్దుకున్న, వాపస్ వచ్చేటప్పుడు ఆబిడ్స్‌ల కిలో మిఠాయి కొని ఆఫీసంత పంచిన. "ఏం ఖుష్‌ఖబర్ మేడం, ప్రమోషనా?" అని అడిగిండు రఫీ భాయ్.

"కాదు భాయ్," అన్న, "నాకు మెమో వస్తున్నది!"