అర్బారోబా మలుపులో వేసిన బ్రేకు

అస్మెరోం కుడి మణికట్టు మీద పార అంచు అచ్చు ఉండేది. ఇటలీ వాళ్ల ఏలుబడిలో నల్లవాళ్లు ఇంజనులో బొగ్గు వెయ్యొచ్చు గాని బండిని నడిపే ఆవిరి పిడి ముట్టకూడదు. బండి కొండ ఎక్కుతుండగా ఒకసారి, అప్పట్లో బొగ్గు వేసే అస్మెరోం చెయ్యి పొరపాటున దాని మీద ఆనింది. ఇటలీ డ్రైవరు పారను పొయ్యిలో పెట్టి ఎర్రగా కాల్చి ఆ చేతి మీద అదిమాడు.

ఇటలీ వాళ్లు పోయారు, ఇంజన్లు మిగిలాయి. అస్మెరోం డ్రైవరయ్యాడు. అస్మారా కొండల మీంచి మస్సావా రేవుకు దిగే సన్న పట్టాల మీద అతను నడిపింది కీలు ఇంజను. ఒకటే బాయిలరు, దాని కింద విడివిడిగా రెండు చక్రాల జట్లు. మలుపు వచ్చినప్పుడు ముందు జట్టు కీలు మీద పక్కకు తిరిగేది, వెనక జట్టు తిన్నగా వచ్చేది. బొగ్గు వేసే బొకురె దాన్ని చూసి, "అన్నా, మా ఆవిడ మెబ్రాట్ మా పెళ్లిలో కూడా ఇలా నడుం తిప్పలేదు" అనేవాడు. బొకురె నోటికి తాళం లేదు. పదేళ్లకు పైగా ఆ ఇద్దరూ ఒకే పళ్లెంలో ఇంజెరా రొట్టె తిన్నారు.

తర్వాత యుద్ధం వచ్చింది. కొండల్లో ప్రభుత్వం మీద తిరగబడ్డ పోరాటగాళ్లు, పట్నంలో ప్రభుత్వ సైన్యం. వానాకాలంలో ఒక ఉదయం ఇసుక బస్తాలు పేర్చిన పెట్టెల నిండా సైనికుల్ని ఎక్కించి, ఒక లెఫ్టినెంటు పిస్తోలుతో ఇంజనులోకి వచ్చాడు. కింద నెఫాసిత్ స్టేషను దాకా ఎక్కడా ఆపకూడదన్నాడు.

అర్బారోబా ఊరు దాటాక పట్టాల పక్కన నాగజెముడు పండ్లు అమ్మే ఆడవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఆ రోజు ఒక్కరూ లేరు. ఒక బుట్ట మాత్రం బోర్లా పడి ఉంది. మలుపు తిరుగుతుండగా పట్టాల మధ్య ఎండిన కంకర ఒకచోట మాత్రం తడిగా, నల్లగా, కొత్తగా తవ్వినట్టు కనిపించింది. అస్మెరోం ఆలోచించలేదు. బ్రేకు లాగాడు.

బండి పూర్తిగా ఆగలేదు. మందుపాతర పేలింది. ముందు చక్రాల జట్టు గాల్లోకి లేచి కీలు దగ్గర తెగి లోయ వైపు వేలాడింది. ఆవిరి గొట్టం తెగి కొండంతా తెల్లటి పొగ కమ్మింది. వెనక జట్టు మాత్రం పట్టాల మీదే నిలబడింది, దాని వెనక పెట్టెలన్నీ నిలబడ్డాయి. మొదటి పెట్టెలో ముందు వైపు కూర్చున్న సైనికులు ఇనుప ముక్కలు తగిలి అక్కడికక్కడే చనిపోయారు.

లెఫ్టినెంటు నుదుటి మీంచి రక్తం కారుతోంది. ఇద్దర్నీ కిందికి లాగించి మోకాళ్ల మీద కూర్చోబెట్టాడు.

"పేలకముందే బ్రేకు వేశారు. మందుపాతర సంగతి ఎవరికి తెలుసు?"

అస్మెరోం తడి కంకర గురించి చెప్పబోయాడు. అంతలోనే బొకురె అన్నాడు.

"మీకు తప్ప అందరికీ తెలుసు దొరా. పండ్లమ్మే ముసలమ్మలకు కూడా తెలుసు."

లెఫ్టినెంటు అతని నోట్లోనే కాల్చాడు. తర్వాత అస్మెరోం కుడి చేతిని పట్టా మీద పెట్టించి, బొగ్గు పగలగొట్టే సుత్తితో వేళ్లు ఒక్కొక్కటీ నలగ్గొట్టించాడు. ప్రతి వేలికీ అదే ప్రశ్న. అస్మెరోంకు తెలిసిన జవాబు ఒక్కటే, కంకర తడిగా ఉంది. దాన్ని వాళ్లు జవాబుగా తీసుకోలేదు.

బొటనవేలి వంతు వచ్చేసరికి పై గట్టు మీంచి తుపాకులు పేలాయి. లెఫ్టినెంటు గొంతు పట్టుకుని కూలిపోయాడు. సైనికులు బస్తాల చాటు నుంచి ఎదురు కాల్చారు, చాలామంది చచ్చారు, మిగిలినవాళ్లు నెఫాసిత్ వైపు పరుగెత్తారు. అస్మెరోం బొకురె శవం పక్కనే బోర్లా పడుకుని అదంతా విన్నాడు.

పోరాటగాళ్లు దిగి వచ్చారు. వాళ్ల నాయకుడు కిదానె అతన్ని జుట్టు పట్టి లేపాడు.

"నువ్వు బ్రేకు వెయ్యకపోతే బండి మొత్తం లోయలో ఉండేది. మాకు తూటా ఖర్చుండేది కాదు. ఇప్పుడు నా వాళ్లు ముగ్గురు పోయారు. ఎందుకు వేశావు?"

"కింద లోయ ఉంది," అన్నాడు అస్మెరోం. "పక్కన బొకురె ఉన్నాడు. చెయ్యి దానంతటదే లాగింది."

కిదానె తుపాకి మడమతో మొహం మీద కొట్టాడు. పళ్లు రాలాయి. కొండ గుహలో వానలు వెలిసేదాకా కట్టేసి ఉంచారు. అతను తమవాడో శత్రువో తేల్చుకోలేక చివరికి వదిలేశారు. అప్పటికి వేళ్లు వంకరగా అతుక్కుపోయాయి.

అక్కణ్ణుంచి నేరుగా మెబ్రాట్ ఇంటికి వెళ్లాడు. ఆమె కాఫీ గింజలు వేయిస్తోంది. తన మొగుడు చివరికి ఏమన్నాడని అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె పక్కున నవ్వింది. ఆ నవ్వు నోట్లో ఉండగానే వేడి పెనం అతని మీదికి విసిరింది.

"ఆ నోటి సంగతి నీకు తెలియదా? నీ చేత్తో మూసెయ్యలేకపోయావా?"

కొట్టింది. చేతులు నొప్పెట్టేదాకా కొట్టింది. అతను అడ్డు పెట్టుకోలేదు. అలిసిపోయాక ఇద్దరూ ఒలికిన గింజల మధ్య కూర్చున్నారు.

సైన్యం ఆ పట్టాలు పీకి కందకాలకు పైకప్పులు వేసుకుంది. ఏళ్ల తర్వాత పోరాటగాళ్ల గెలుపుతో యుద్ధం ముగిసి, లైను మళ్లీ వెయ్యడానికి పాత డ్రైవర్లను పిలిచినప్పుడు అస్మెరోం కూడా వెళ్లాడు. పిడి పట్టుకోలేడు కాబట్టి షెడ్డులో ఇంజన్ల కీళ్లకు నూనె పెట్టే పని ఇచ్చారు. ఒకరోజు కిదానె వచ్చాడు. ఇప్పుడు పెద్ద అధికారి. నన్ను గుర్తుపట్టావా అని అడిగాడు.

"తుపాకి మడమ గుర్తుంది, మొహం గుర్తులేదు," అన్నాడు అస్మెరోం.

కిదానె టోపీ తీసి బొగ్గు కుప్ప మీద కూర్చున్నాడు. క్షమించమని అడగలేదు, అస్మెరోం క్షమించాననీ అనలేదు. నూనె డబ్బా మూత బిగుసుకుపోతే మాత్రం దాన్ని కిదానె చేతికిచ్చి తెరవమన్నాడు.