ఒకటిన్నర చుట్టు

నా చిన్నప్పుడు, మా నాన్న ఎంత అలసిపోయి వస్తున్నాడో కారు చప్పుడు విని చెప్పేసేదాన్ని. ఆయన కె.ఆర్.పురం రైల్వే స్టేషను దగ్గర ఒక పాత కారును టాక్సీగా నడిపేవాడు. కొన్నాళ్ళుగా అది ఎక్కడ నెమ్మదిస్తే అక్కడ దగ్గి ఆగిపోయేది. రోజంతా దాన్ని ఆరిపోకుండా చూసుకోవడంతోనే ఆయన కాళ్ళు పీకేవి. ఇంటికొచ్చాక బానెట్ ఎత్తి, కార్బ్యురేటర్ మీదున్న చిన్న స్క్రూని అటూ ఇటూ కదిపి, చెవి ఒగ్గి వినేవాడు. ఇంజనులోకి గాలీ పెట్రోలూ ఎంతెంత వెళ్ళాలో ఆ స్క్రూతోనే సరిచేస్తారని నాకు తెలుసు. అంతకు మించి ఏమీ తెలియదు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి ఆయన నిద్రపోతుంటే, ఆ శ్రమ తప్పిద్దామని నేనే స్క్రూడ్రైవరు తీసుకుని తిప్పాను. ఎటు తిప్పానో, ఎంత తిప్పానో చూసుకోలేదు.

మర్నాడు పొద్దున పక్కింటి అక్కకి పురిటి నొప్పులు మొదలయ్యాయి. వాళ్ళాయన ఫ్యాక్టరీకి వెళ్ళిపోయాడు. నర్సుగా పనిచేసే మా అమ్మ డ్యూటీలో ఉంది. నాన్న అక్కను వెనక సీట్లో కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకొమ్మని నన్ను పక్కన ఎక్కించాడు. పాత మద్రాసు రోడ్డు మీద కారు రెండుసార్లు ఆగింది. మూడోసారి ఆగాక ఇక కదల్లేదు. పెట్రోలు వాసన గుప్పుమంది. వెనక లారీలు హారన్లు మోగిస్తున్నాయి. తన చేత్తో సరిచేసిన కార్బ్యురేటర్ని నాన్న అనుమానించలేదు. ప్లగ్గులు విప్పడం మొదలుపెట్టాడు. అక్క నా వేళ్ళు విరిగేలా పట్టుకుని "దేవా, దేవా" అంటోంది.

తప్పెక్కడుందో ఆ రోడ్డు మీద నాకొక్కదానికే తెలుసు. చెబితే దెబ్బలు తప్పవు. కానీ అక్క ముఖం చూశాక కూర్చోలేకపోయాను. చెయ్యి విడిపించుకుని దిగాను.

"నాన్నా, నిన్న ఆ స్క్రూ నేనే తిప్పినా."

నాన్న తలెత్తాడు. నిద్ర చాలక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కొడతాడనుకుని భుజాలు ముడుచుకున్నాను.

"ఎంత తిప్పితివి?" అని మాత్రం అడిగాడు.

"గ్యాపకం లేదు."

"సరే. పోయి నా సీట్లో కూచో. చెప్పినప్పుడు కీ తిప్పి పెడల్ అదిమి పట్టుకో."

స్క్రూని పూర్తిగా లోపలికి, ఆనీ ఆనకుండా బిగించాడు. తర్వాత గట్టిగా లెక్కపెడుతూ, ఆ ఇంజనుకి మామూలుగా ఉండాల్సిన ఒకటిన్నర చుట్టు వదులు చేశాడు. ఆయన చెయ్యి ఊపగానే నేను కీ తిప్పి, సీటు అంచుకు జారి పెడల్ తొక్కాను. ఇంజను దగ్గి, దగ్గి అందుకుంది. ఆయన మరి కొంచెం తిప్పి ఆగాడు, విన్నాడు, మళ్ళీ కాస్త వెనక్కి తిప్పాడు.

"బిర్నే పోదామన్నా!" అని తొందరపెడుతూ అక్క ఏడ్చింది.

"ఆయెనమ్మా, ఆయె."

ఆస్పత్రికి చేరిన గంటలోపే అక్కకి ఆడపిల్ల పుట్టింది. నాన్న మెట్ల మీద కూలబడి గోడకి తల ఆనించాడు. పక్కన కూర్చున్న నాతో కళ్ళు మూసుకునే అన్నాడు, "తిప్పేది తప్పు కాదు పాపా. లెక్కబెట్టి తిప్పాల. లెక్క తెలిసుంటే వెనక్కి రావచ్చు."

నన్నెందుకు కొట్టలేదని అడిగాను.

"కోపం చేసేదానికీ ఓపిక కావాలప్పా. నాకాడ అంత లేకపాయె."

అది ఆయన పెద్దమనసని చాలా ఏళ్ళు అనుకున్నాను. నేనూ నర్సునై, వార్డుల్లో వయసు గడిపాక తెలిసింది, ఆయన ఉన్నమాటే చెప్పాడని. ఉన్న కాస్త శక్తినీ అప్పుడు అవసరమైన పనికే వాడాడు. ఒకసారి రెండు షిఫ్టులు వరసగా చేసి పాదాలు వాచి ఉన్నప్పుడు, కొత్తగా చేరిన అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. సెలైన్ జోరుగా వదిలేసిందట. కోపం గొంతు దాకా వచ్చింది. "ఎంత పోయింది?" అన్నాను. ఆమె చూసి చెప్పింది. వెంటనే ఆపి, డాక్టర్ని పిలిచాం. రోగికి ఏమీ కాలేదు.

ఇప్పుడు రిటైరయ్యాను, మోకాళ్ళు సహకరించవు. ఇంట్లో ఎవరైనా ఏదో పాడుచేసి నా ముందు నిలబడితే, ఉన్న ఓపికనంతా ముందు "ఎంత?" అనే ఆ ఒక్క ప్రశ్నకే వాడతాను. కోపానికి ఏమైనా మిగిలితే తర్వాత చూద్దామనుకుంటాను. ఇంతవరకూ మిగల్లేదు.