డిక్కీకి బొట్టు పెట్టిన కిష్టమ్మ

ముందే ఒప్పుకుంటాను, నేను కార్లు అమ్మేవాణ్ణి. పేరు ఉదయ్ భాస్కర్. కొత్తగూడ ఫ్లైఓవర్ దిగగానే ఉండే షోరూమ్‌లో నాలుగేళ్లుగా ఇదే పని. నా నోరు మంచిదని మా మేనేజర్ అవినాష్ మెచ్చుకుంటూ ఉంటాడు. ఆ మంచి నోటితోనే కిష్టమ్మ కడుపు మీద కొట్టాను. అలాంటివాడికి ఆమె గురించి రాసే అర్హత ఏముందని మీరడిగితే, లేదు. అయినా రాస్తున్నాను, రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

కిష్టమ్మది కోకాపేట. ఇప్పుడు నలభై అంతస్తులు లేచినచోట ఆమె మామ జొన్న వేసేవాడట. ధరలకు రెక్కలు రాకముందే ఆ భూమి చెక్క అమ్మేసుకున్నాడు. ఎవరైనా ఆ సంగతి కదిపితే, "మామ పోయిండు, భూమి పోయింది, ఇంక దాని ముచ్చటెందుకు" అని తన పని తాను చూసుకునేది. పదేళ్లు ఒక హాస్టల్లో వంట చేసింది. తర్వాత భర్త లింగమూర్తి నడిపే పాత వ్యానునే దుకాణం చేసుకుంది. పదకొండున్నరకల్లా గచ్చిబౌలి ఆఫీసుల వెనక సందులో వ్యాను ఆగేది. లింగమూర్తి వెనక తలుపు పైకెత్తేవాడు. ఆ తలుపే నీడ, దాని కిందే వడ్డన. మెడలో ట్యాగులు వేలాడేసుకున్న పిల్లలు వరుస కట్టేవాళ్లు. రోజుకు ఎనభై ప్లేట్లు పోయేవి.

నేనూ ఆ వరుసలోవాణ్ణే. మాది తణుకు. పచ్చిపులుసు చూసి మొదటిరోజు మొహం చిట్లించాను. "తాగి చూడు బిడ్డా, నచ్చకుంటే పైసలియ్యకు" అంది. ఏడాదిన్నర తిన్నాను. జ్వరం వచ్చి రెండు రోజులు వెళ్లకపోతే, మూడో రోజు లింగమూర్తి చేత నాకు చారన్నం పంపింది. అలాంటి మనిషిని మోసం చేశాను.

ఆ వ్యాను లీటరుకు పది కిలోమీటర్లు కూడా ఇచ్చేది కాదు. "మా ఆయన తాగుడు మాన్పించిన గని, ఈ బండి తాగుడు మాన్పించలేకపోతున్న" అని కిష్టమ్మ వరుసలో ఉన్నవాళ్లను నవ్వించేది. లింగమూర్తి కూడా నవ్వేవాడు. ఆయన మందు మానేసి ఆరేళ్లయింది.

పెరిగిన పెట్రోలు ధర దెబ్బకి మా షోరూమ్ తీరే మారిపోయింది. ఒకప్పుడు జనం సన్‌రూఫ్ ఉందా, స్క్రీన్ ఎంత పెద్దది అని అడిగేవాళ్లు. ఇప్పుడు కూర్చోకముందే "మైలేజ్ ఎంతండి" అంటున్నారు. పెద్ద కారు సెల్లార్లో పెట్టి, ఆఫీసుకు చిన్నది కావాలనేవాళ్లు ఎక్కువయ్యారు. చిన్న కార్లకు రెండు నెలల వెయిటింగ్. గ్యాసుతో నడిచేవైతే చూపించడానికి కూడా షోరూమ్‌లో ఒక్కటి మిగలడం లేదు.

నెలాఖరు ఆదివారం ఇద్దరూ మా షోరూమ్‌కి వచ్చారు. కిష్టమ్మ చేతిలో గోనెసంచి. అందులోంచి అన్నం గిన్నె, పప్పు గిన్నె, కూర గిన్నెలు తీసి పెట్రోలు కారు డిక్కీలో ఒక్కొక్కటే సర్దింది. సోఫాలో ఉన్నవాళ్లు వింతగా చూశారు. "జాకెట్టు కొలత జూసుకోకుండ కుట్టించుకుంటమా" అంది ఎవరికీ కాకుండా. డిక్కీ మూసింది, తెరిచింది. తలుపు కింద నిలబడి గరిటె తిప్పుతున్నట్టు చెయ్యి ఆడించింది. తలకు తగల్లేదు. మొహం విప్పారింది.

"డిక్కీ నాకెరుక, బండి నీకెరుక. నాది నేను జూసిన, నీది నువ్వు జూస్కో" అని భర్తకు చెప్పి, గిన్నెలు తీసుకుని బయట ఆటో దగ్గరికి వెళ్లింది.

అప్పుడు లింగమూర్తి అడిగాడు. "గ్యాస్ బండి ఎంతిస్తది సారూ?"

"కిలోకి ముప్ఫై పైనే అండి."

"మరి సిలిండర్ డిక్కీల వెడ్తరు గద. మాకు డిక్కీనే దుకాణం."

ఆ నెల టార్గెట్‌కి నాకు ఒక్క బండి తక్కువైంది. ఆ పొద్దున్నే ఎవరో గ్యాసు కారు బుకింగ్ రద్దు చేసుకున్నారు, బండి ఇంకా ఊరి బయట యార్డులోనే ఉంది. "వెయిటింగ్‌లో ఉన్నవాళ్లకిస్తే కొత్త అమ్మకం లెక్కలోకి రాదు, సాయంత్రంలోగా కొత్తవాళ్లెవరికో ఒకరికి అంటగట్టు" అని అవినాష్ నా ప్రాణం తోడేస్తున్నాడు. ఆ కారు డిక్కీలో అడ్డంగా సిలిండర్ ఉంటుందని, పక్కన చేతిసంచి పడితే గొప్పని నాకు బాగా తెలుసు.

"ఇప్పుడు కిందకి దించేశారండి. డిక్కీ మొత్తం ఖాళీనే" అన్నాను. నా బుద్ధి గడ్డి తింది. కొన్ని కంపెనీలవి అలా వస్తున్నాయిలే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మేం అమ్మేవి అలాంటివి కావు. ఆయన సంతకం పెట్టాడు. పాత వ్యాను ఎక్స్ఛేంజికి ఇచ్చేశాడు.

డెలివరీ రోజు కొబ్బరికాయ కొట్టారు, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. అందరూ బానెట్‌కి బొట్టు పెడతారు. కిష్టమ్మ మాత్రం పసుపు కుంకుమల పళ్లెంతో వెనక్కి వెళ్లింది. "నా దుకాణం గిటు గద" అని డిక్కీ తెరిచింది.

లోపల అడ్డంగా సిలిండర్ ఉంది. నా వైపు తిరిగి, "ఏంది బిడ్డా ఇది?" అంది.

అప్పుడైనా నిజం చెప్పి ఉంటే ఏదో ఒక దారి దొరికేది. అవినాష్ పక్కనే నిలబడి ఉన్నాడు. నేను లింగమూర్తి వైపు చూసి, "సిలిండర్ సంగతి ఆ రోజే చెప్పాను కదండీ" అన్నాను.

ఆయన నోరు తెరిచాడు. పెళ్లాం మొహం చూసి మళ్లీ మూసుకున్నాడు. తాగిన రోజుల్లో ఎన్ని మాటలు మరిచిపోయాడో, ఆ ఇంట్లో ఆయన మాటకు విలువ ఎప్పుడు పోయిందో నాకేం తెలుసు. "తాగుడు మానినా నీకు మతి రాలె" అంది కిష్టమ్మ. పళ్లెంలోని కుంకుమ తీసి ఆ సిలిండర్‌కే బొట్టు పెట్టింది. నేను ఫోటో తీశాను. అవును, ఫోటో కూడా తీశాను.

తర్వాత రెండు నెలలు ఆ సందు మొహం చూడలేదు. మొహం చెల్లక క్యాంటీన్లో తిన్నాను. ఒకరోజు కావ్య అనే అమ్మాయి చిన్న కారు చూడటానికి మా దగ్గరికి వచ్చింది. ఒకప్పుడు ఆమె కూడా అక్కడి వరుసలో నిలబడేది. మాటల్లో చెప్పింది. "ఆంటీ దగ్గర పన్నెండున్నరకే అన్నం అయిపోతోందండీ. పెద్ద గిన్నె పట్టట్లేదంట, వెనక సీట్లో చిన్నవి పెట్టుకొస్తున్నారు. నలభై ప్లేట్లు కూడా రావట్లేదు. అంకుల్‌ని రోజూ అందరి ముందూ తిడుతున్నారు, పాపం ఆయనేమీ మాట్లాడరు."

ఆ అమ్మాయి టెస్ట్ డ్రైవ్ సంగతి చూసుకోమని ఇంకొకరికి చెప్పి, ఆ సందుకు బండి తీశాను.

కారు పక్క తలుపు తెరిచి, ఎండలో సగం వంగి వడ్డిస్తోంది కిష్టమ్మ. లింగమూర్తి స్టీరింగ్ ముందు కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే ఆమె, "ఎటు పోయినవ్ బిడ్డా ఇన్ని దినాలు, పానం మంచిగుందా?" అని ప్లేటు అందుకుంది. ఆ మాటతో నేను సగం చచ్చాను.

"అమ్మా, సిలిండర్ డిక్కీలో ఉండదని ఆయనకు చెప్పింది నేనే. ఆయన అడిగారు. నేను అబద్ధమాడాను. డెలివరీ రోజు కూడా నేనే అబద్ధమాడాను."

గరిటె గిన్నెలోనే ఆగిపోయింది. కిష్టమ్మ భర్త వైపు చూసింది. ఆయన అద్దంలోంచి రోడ్డు చూస్తున్నాడు. నాకోసం పెట్టిన ప్లేటులో ఆమె ఇంకో గరిటె అన్నం వేసింది, పప్పు పోసింది, ముందు తలుపు తెరిచి ఆయన ఒళ్లో పెట్టింది.

"తిను."

"ఆకలైతలేదు."

"రెండు నెలల సంది అయితలేదా? పగటి పూట నీ వంతు అన్నం ఎవరికో అమ్మమని ఇడిచిపెడ్తున్నవ్. నాకెరుకనే. తప్పు జేసినోడు పస్తుంటే ఉండనీ అనుకున్న." ఆమె ప్లేటును ఆయన చేతికి దగ్గరగా జరిపింది. "తిను. నాకు చెప్పొద్దా నువ్వు?"

"చెప్తే నమ్ముదువా" అన్నాడు లింగమూర్తి.

ఆయన తల వంచుకుని ముద్ద కలిపాడు. అలా ఆకలిగా తినే మనిషిని నేను ఈ మధ్య చూడలేదు.

కిష్టమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని మళ్లీ గిన్నెల దగ్గరికి వచ్చింది. నా వెనక నలుగురు నిలబడి ఉన్నారు. ఆమె ఇంకో ప్లేటు తీసింది.

"సారూ, మీరు ఇంక వేరేతాన తినుండ్రి" అంది. తిట్టలేదు, గొంతు పెంచలేదు. నేను పక్కకు జరిగాను. నా వెనకున్న అబ్బాయి ముందుకు వచ్చాడు.