కుక్క మీద నేను రాసిన అర్జీ

నా చిన్నప్పుడు బళ్ళో మాకు లేఖారచన అని ఒకటుండేది. వీధిలో కుక్కల బెడద గురించి మునిసిపల్ కమిషనరు గారికి లేఖ రాయమని పరీక్షల్లో తెగ ఇచ్చేవారు. ‘గౌరవనీయులైన’ దగ్గర్నుంచి ‘ఇట్లు తమ విధేయురాలు’ దాకా నాకు నోటికి వచ్చు. ఆ చదువు ఒకరోజు నా పరువు తీస్తుందని మాత్రం అనుకోలేదు.

విజయవాడ వన్ టౌన్‌లో మా సందు చివర ఒక గోడౌన్, దాని పక్కనుంచి బడికి అడ్డదారి ఉండేవి. అటు వెళ్ళొద్దని అమ్మ చెబితే వినే రకాన్ని కాదు నేను. ఒకరోజు అక్కడ ఓ నల్లకుక్క మొరుగుతూ వెంటపడింది. పరుగు పరుగున వస్తూ, మేకు తగిలి కొత్త మంగళగిరి పరికిణీ జానెడు చింపుకున్నాను. కుక్క నన్ను ముట్టుకోనైనా లేదు. కానీ ఉత్త కుక్క అంటే నా వీపు విమానం మోత మోగుతుంది. అందుకని “పిచ్చికుక్కమ్మా!” అన్నాను. అమ్మ తిట్టడం మానేసి, పంటి గాటు ఎక్కడైనా పడిందేమోనని ఒళ్ళంతా వెతికి, నన్ను గుండెలకు హత్తుకుంది. అబ్బో, ఆ మాటకు ఇంత బలముందా అనుకున్నాను.

ఆ ఊపులోనే అర్జీ రాసి పారేశాను. చొంగ కారుస్తూ కనిపించిన వారినల్లా కరుస్తున్నదని పాఠంలో ఉన్నదున్నట్టు దించేశాను. మునిసిపల్ ఆఫీసులో గుమాస్తాగా చేసే పక్కింటి సాయిబు మామయ్యగారి చేతికిచ్చాను.

మర్నాడు సాయంత్రం ఆయన సైకిలు దిగుతూనే నన్ను పిలిచారు. రేపు పొద్దున్నే కుక్కల బండి వస్తుంది, అది ఏ కుక్కో చూపించమన్నారు. గొప్పగా ముందు నడిచాను. గోడౌన్ పక్కన, విరిగిన తోపుడుబండి కింద నల్లకుక్క పడుకుని ఉంది. దాని పొట్టకు కరుచుకుని, ఇంకా కళ్ళు తెరవని పిల్లలు నాలుగు. మమ్మల్ని చూసి గుర్రుమంది కానీ లేవలేదు. పిల్లలు పాలు తాగుతుంటే ఎలా లేస్తుంది?

మామయ్యగారు దూరంగానే ఆగి, “ఇదేనా బేటా? చొంగ కార్చడం నువ్వు చూశావా?” అన్నారు. తల అడ్డంగా ఊపాను. ఎవర్ని కరిచిందని అడిగారు. ఎవర్నీ లేదన్నాను.

“వీధికుక్క అని రాస్తే మావాళ్ళు వచ్చి చూస్తారమ్మా. పిచ్చికుక్క అని రాస్తే ఇంక చూసేదేముంది, చంపేస్తారు.”

ఏడుపు తన్నుకొచ్చింది. ఆ కాగితం చింపెయ్యమని ఆయన చెయ్యి పట్టుకున్నాను. ముద్ర పడిపోయిందట, రాసినవాళ్ళే వచ్చి చెప్పుకోవాలట. నిజంగా అది రూలో, నాకు బుద్ధి రావాలని అన్నారో ఇప్పటికీ తెలియదు.

పొద్దున్నే, బండి బయల్దేరకముందే, ఆయన సైకిలు వెనక ఎక్కి మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళాను. అంతమంది ఎదుట, పరికిణీ సంగతితో సహా, అబద్ధం రాశానని చెప్పాను. అధికారి గారు కళ్ళజోడు పైనుంచి ఒక చూపు చూసి, తెల్లకాగితం ఇచ్చి, కళ్ళతో చూసింది మాత్రం రాయమన్నారు. పిల్లల్ని పెట్టిన నల్లకుక్క దగ్గరికెళ్తే తరుముతోంది, బడిపిల్లలు ఆ దారిన నడుస్తారు. ఇంతే. ఈ కాస్తా రాయడానికి అరగంట పట్టింది. బండి రాలేదు. ఒక మనిషొచ్చి ఆ అడ్డదారికి తడిక కట్టి వెళ్ళాడు. ఇంట్లో నిజం చెప్పాక నా వీపుకు అందాల్సినవి అందాయి.

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో రోజూ పిచ్చికుక్కలే. ఫోన్లో కార్పొరేషన్‌కు ఫిర్యాదు పెట్టే పని నాకు అప్పగించారు. పెడతాను. కుక్కలంటే నాకేమీ ముద్దు లేదు, పిల్లల మీదికి వస్తుంటే ఊరుకోకూడదు కూడా. కాకపోతే ఎవరు చూశారు, ఏం చూశారు అని అడిగి అందరి ప్రాణం తీసేస్తాను. పెద్దావిడకు చాదస్తమండీ అంటారు. అననీ. ఒక పరికిణీ కోసం నేను నాలుగు పసికూనలకు తల్లి లేకుండా చేయబోయాను. తలుచుకుంటే ఈ వయసులోనూ సిగ్గుతో చచ్చిపోతాను.